అద్దెకు తెచ్చిన మోటారు మంచం, ఇంట్లో చేయించిన తొట్టి మంచం: హంటింగ్టన్ ఉన్న మా అన్నయ్య నిద్రకి ఏది పనికొచ్చిందంటే

హాస్పిటల్ మంచం అద్దెకు తెద్దామా అని ఆలోచిస్తున్నవాళ్ళు, అందులోనూ ఇంట్లో హంటింగ్టన్ జబ్బు ఉన్నవాళ్ళు, అడ్వాన్సు కట్టేముందు ఒకసారి ఇది చదవండి. మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, పాతపట్నం దాటితే వచ్చే ఊరు. మా అన్నయ్యకి 47 ఏళ్ళు, ఆరేళ్ళుగా ఈ జబ్బు. నాలుగు నెలలు మోటారు మంచం అద్దెకు వాడాం, దాన్ని తిరిగి పంపేసి ఇక్కడే వడ్రంగి మిస్త్రీ చేత ఒక మంచం చేయించాం, దానిమీద ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది. రెండింటి గురించీ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. షాపు పేరు రాయను. అలాంటి మంచం ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో మాకు ముందే చెప్పినవాళ్ళు లేరు, ఆ లోటు మీకు ఉండకూడదనే ఇదంతా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. హంటింగ్టన్ అనేది వంశపారంపర్యంగా వచ్చే మెదడు జబ్బు. 1872లో జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికా డాక్టరు దీన్ని వివరంగా రాశాడు, అందుకే ఆ పేరు. నాలుగో క్రోమోజోము మీదున్న ఒక జన్యువులో తేడా వల్ల వస్తుందని 1993లో తేలింది. ఆ జన్యువులో సి-ఎ-జి అనే మూడక్షరాల ముక్క ఉండాల్సినదానికంటే ఎక్కువసార్లు వరసగా పడిపోతుంది. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎప్పటికో ఒకప్పటికి జబ్బు బయటపడుతుంది. అన్నయ్య రిపోర్టులో 44 అని ఉంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం, ఆడైనా మగైనా. మా నాన్నకి ఉన్నది కూడా ఇదేనని ఆయన పోయిన పదకొండేళ్ళకి మాకు అర్థమైంది. ఆయన రైసుమిల్లులో గుమస్తా. చివరి ఏళ్ళలో నడుస్తుంటే ఒళ్ళు తూలిపోయేది, చేతులు వాటంతటవే ఎగిరేవి. ఊళ్ళో సగం మంది తాగుడన్నారు, మిగతావాళ్ళు గాలి సోకిందన్నారు. ఆయన జీవితంలో చుక్క ముట్టలేదు. ఈ మాట ఎక్కడో ఒకచోట రాయాలని ఎప్పటినుంచో ఉంది, రాసేశాను.

ఈ జబ్బంటే పగలు కనిపించే కదలికలే అందరికీ తెలుసు. మాకు మాత్రం రాత్రులే నరకం. అన్నయ్యకి పదకొండుకి కన్ను మూతపడితే ఒంటిగంటకి మెలకువ, మళ్ళీ రెండున్నరకి, మళ్ళీ నాలుగుకి. మెలకువ రాగానే చేతులు, కాళ్ళు, భుజాలు అన్నీ ఒకేసారి మొదలు. పక్కన పడుకున్న వదినకి మోచెయ్యి తగలని రాత్రి లేదు. రెండుసార్లు పాత టేకు మంచం మీదనుంచి కింద పడ్డాడు, రెండోసారి కనుబొమ మీద నాలుగు కుట్లు. తెల్లవార్లూ ఇలా గడిచాక పొద్దున్న ఎనిమిదికి మొద్దునిద్ర, మధ్యాహ్నం పన్నెండు దాకా లేవడు, లేచాక చిరాకు, మాట్లాడితే కోపం, తిండి సగంలో వదిలేయడం. వదిన స్కూల్లో టీచరు. ఆమె మాత్రం ఆరింటికి లేవాల్సిందే కదా. ఒకరోజు క్లాసులో కుర్చీలో కూర్చునే నిద్రపోయిందట, పిల్లలు చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారట. ఆ సంగతి చెబుతూ ఏడ్చింది. ఆవేళే అనుకున్నాం, ముందు మంచం మార్చాలని.

అన్నయ్యని చూసే న్యూరాలజిస్టు విశాఖలో ఉంటారు. అప్పుడు ఆయన చెప్పింది గుర్తున్నంతవరకు రాస్తాను, ఎందుకంటే ఇది తెలిశాకే మాకు అన్నయ్య మీద విసుగు తగ్గింది, కావాలని మేలుకుంటున్నాడన్న అనుమానం పోయింది. మనిషి మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒక గడియారం ఉంటుంది, ఎప్పుడు నిద్రపోవాలో ఎప్పుడు లేవాలో అది చెబుతుంది. హంటింగ్టన్‌లో ఆ భాగం కూడా దెబ్బతింటుంది. చీకటి పడ్డాక ఒంట్లో పెరగాల్సిన మెలటోనిన్ అనే నిద్ర హార్మోను ఆలస్యంగా పెరుగుతుంది, అందుకే రాత్రి ఆలస్యంగా నిద్ర పట్టడం, పొద్దున్న లేవలేకపోవడం. గాఢనిద్ర తగ్గుతుంది, కలత నిద్ర ఎక్కువవుతుంది. ఇంకో సంగతి, ఇది చాలా ముఖ్యం: గాఢనిద్రలో ఉన్నప్పుడు ఈ కదలికలు చాలావరకు ఆగిపోతాయి. మెలకువ వచ్చినా, నిద్ర తేలికైనా మళ్ళీ వస్తాయి. అంటే కదలికల వల్ల ఏదో ఒకటి తగిలి మెలకువ వస్తుంది, మెలకువ వచ్చినందుకు కదలికలు పెరుగుతాయి, దానివల్ల మళ్ళీ నిద్ర పట్టదు. ఆ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. మంచంతో కొంత ఆపొచ్చు అన్నారు, మందుతో కొంత, దినచర్యతో కొంత.

మేం వినీ విననట్టు మంచం అనే ముక్క పట్టుకుని షాపుకి పరిగెత్తాం.

శ్రీకాకుళంలో ఇద్దరు ముగ్గురు సర్జికల్ షాపులవాళ్ళని అడిగాం. అందులో ఇద్దరు ఒడిశా అడ్రసు అనగానే పంపం అన్నారు, రిపేరొస్తే రాలేమని. బోర్డరు మనుషులకి ఇది మామూలే. మందులకి అటు, రేషనుకి ఇటు, ఆరోగ్యశ్రీ మాకు లేదు, ఇక్కడి ఆరోగ్య కార్డు అక్కడ ప్రతి ఆస్పత్రిలోనూ చెల్లదు. మూడో షాపాయన ఒప్పుకున్నాడు. డిపాజిట్ 15,000, నెలకి అద్దె 5,500, బొలెరో పికప్ కిరాయి మాదే. ఐదు రకాలుగా కదిలే ఐసీయూ మంచం అన్నాడు: తలవైపు లేస్తుంది, కాళ్ళవైపు లేస్తుంది, మొత్తం మంచం పైకీ కిందకీ వెళుతుంది, అటూ ఇటూ వాలుతుంది. రిమోట్ నొక్కితే చాలు. చూడ్డానికి బాగుంది, తెల్లగా, చక్రాలతో. వదిన మొహంలో చాలా రోజులకి కాస్త నిమ్మళం కనిపించింది.

మొదటి వారంలోనే ఒక విషయం తెలిసింది. పూర్తిగా కిందకి దించినా పరుపు పైభాగం నేల నుంచి 22 అంగుళాలు ఉంది. టేపు పెట్టి కొలిచాను. మా పాత టేకు మంచం ఎంత అనుకున్నారు? 19. అంటే పడతాడని భయపడి తెచ్చిన మంచం, పడ్డ మంచం కంటే ఎత్తు. "రైలింగ్ ఉంది కదండీ, పడడు" అన్నాడు షాపాయన. రైలింగ్ ఉంది నిజమే, ఇనుప గొట్టాలతో. కదలకుండా పడుకునే రోగికి అది రక్షణ. కానీ అన్నయ్య మోకాలు, మోచేయి, మడమ రాత్రంతా దానికి తగులుతూనే ఉంటాయి. టంగు టంగుమని చప్పుడు, ఆ చప్పుడుకి అతనికీ మెలకువే, మాకూ మెలకువే. పది రోజులకి రెండు మోచేతులూ నల్లగా కమిలిపోయాయి. పాత దుప్పట్లు చుట్టి తాళ్ళతో కట్టాం. తన్నులకి ఊడిపోయేవి. ఒక తెల్లారగట్ల చూస్తే పరుపుకీ రైలింగ్‌కీ మధ్య సందులో పాదం ఇరుక్కుపోయి ఉంది, చీలమండ మీద తోలు లేచిపోయింది. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో తెలియదు, మాట సరిగ్గా రాదు కాబట్టి పిలవలేకపోయాడు. నేను రైలింగ్ దించాక నా వైపు చూసి "పర్లేదు రా" అన్నాడు. ఆ మాట మాత్రం స్పష్టంగా అన్నాడు.

రైలింగ్ ఉంటే ఇంకో ప్రమాదం, మనిషి దాన్ని ఎక్కి దిగాలని చూడటం. బాత్రూమ్‌కి లేవాలనిపిస్తే ఆగలేకపోవడం ఈ జబ్బులో ఉంటుంది, ఆలోచించి ఆగే ఓపిక తగ్గిపోతుంది. అప్పుడు పడితే 22 అంగుళాల మీదనుంచి కాదు పడేది, రైలింగ్ ఎత్తు కూడా కలుపుకోండి. అదృష్టం, ఒక్కసారే ప్రయత్నించాడు, నేను వరండాలోనే ఉన్నాను.

ఇక రిమోట్ సంగతి. రెండో నెలలో ఒక రాత్రి రెండింటికి వదిన కేక వేసింది. పరిగెత్తి వెళ్ళేసరికి మంచం పైకి లేచిపోయి ఉంది, ఉన్నంత ఎత్తుకీ. దానిమీద అన్నయ్య పక్కకి తిరిగి నిద్రపోతున్నాడు! రైలింగ్‌కి తగిలించిన రిమోట్ మీద చెయ్యి పడి బటన్ నొక్కుకుపోయింది, మోటారు నెమ్మదిగా, చప్పుడు లేకుండా, అతన్ని నడుము ఎత్తుదాకా తీసుకెళ్ళిపోయింది. ఆ గదిలో బెడ్‌లైటు వెలుగులో ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది. ఊపిరి బిగబట్టి, అతనికి మెలకువ రాకుండా కిందికి దించాను. పొద్దున్న షాపుకి ఫోన్ చేస్తే "కింద లాక్ బటన్ ఉంటుంది సార్, అది వేసుకోవాలి" అన్నారు. మంచం అడుగున కాళ్ళవైపు, వంగి టార్చి వేస్తే తప్ప కనపడని చోట ఉంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఆ మాట చెప్పలేదు. మీరు ఏ షాపు నుంచి తెచ్చుకున్నా, బిగించినవాడు గుమ్మం దాటకముందే లాక్ ఎక్కడో చూపించమనండి, మీ చేత్తో మీరు వేసి తీసి చూడండి.

కరెంటు పోతే ఎలా అని కూడా అడగండి. మా దాంట్లో బ్యాటరీ చచ్చిపోయి ఉంది, చేత్తో తిప్పే హ్యాండిల్ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లా మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవాళ్ళం, మా ఊళ్ళో మోటారు మీద ఆధారపడ్డ ఏ వస్తువు కొన్నా ఈ ప్రశ్న ముందు వస్తుంది. మంచం విషయంలో నేనే అడగడం మరిచాను. ఒకరోజు తలవైపు లేపి అంబలి తాగిస్తుంటే కరెంటు పోయింది, రెండు గంటలు అలా కూర్చునే ఉన్నాడు పాపం.

దోమతెర గురించి ఎవరూ రాయరు, నేను రాస్తాను. మాది మలేరియా ప్రాంతం, తెర లేకుండా పడుకోబెట్టలేం. కానీ చేతులు ఆగని మనిషికి తెర కట్టడమంటే వలలో పడుకోబెట్టడమే. రాత్రి వేళ్ళకి చుట్టుకుంటుంది, లాగుతాడు, రాడ్డు ఊడి మీద పడుతుంది. ఒకసారి మెడ చుట్టూ చుట్టుకుంది. ఆ మర్నాడే తెర తీసేసి, కిటికీలకి, తలుపుకి దోమల మెష్ కొట్టించాం. సాయంత్రం ఐదున్నరకే తలుపు వేసేస్తాం. 3,800 అయింది. ఈ మొత్తం కథలో మేం పెట్టిన ఖర్చుల్లో ఇంత బాగా పనికొచ్చింది ఇంకోటి లేదు, ఇంట్లో అందరికీ పనికొచ్చింది కూడా.

మోటారు మంచంలో మంచి లేదా అంటే ఉంది. తినిపించేటప్పుడు వీపు నిటారుగా లేపొచ్చు. ఈ జబ్బులో మింగడం కష్టమవుతుంది, పడుకున్నట్టే తినిపిస్తే పొలమారుతుంది, అది ప్రాణం మీదకి రావొచ్చు, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బట్టలు మార్చేటప్పుడు మంచం పైకి లేపుకుంటే వదిన నడుము వంగక్కర్లేదు. జబ్బు బాగా ముదిరి, కదలికలు తగ్గి ఒళ్ళు బిగుసుకుపోయే దశ వస్తుంది, అప్పుడు మళ్ళీ ఇలాంటి మంచమే కావాల్సి వస్తుందని నాకు తెలుసు. పక్షవాతం వచ్చినవాళ్ళకి, ఆపరేషన్ అయినవాళ్ళకి ఇది నిజంగా వరం. కానీ నడవగలిగి, లేవగలిగి, ఒళ్ళంతా ఎగిరే దశలో ఉన్నవాళ్ళకి మాత్రం పనికిరాదు.

తిరిగి ఇచ్చేటప్పుడు రైలింగ్ వంగిందని డిపాజిట్‌లో 4,000 కోసుకున్నారు. తన్నులకి వంగింది, ఒప్పుకుంటాను. కానీ జబ్బేమిటో, ఎలాంటి మనిషి పడుకుంటాడో ముందే చెప్పి తెచ్చిన మంచం అది. అడిగితే "మాకు అన్నీ ఒకటే సార్, పేషెంట్ అంటే పేషెంటే" అన్నాడు. ఆ మాటకి బాధేసింది, డబ్బుకి కాదు.

ఇప్పుడు తొట్టి మంచం. ఆలోచన నాది కాదు, డాక్టరుగారిది. విదేశాల్లో ఈ జబ్బువాళ్ళకి ప్రత్యేకంగా, నేలకి దగ్గరగా, చుట్టూ మెత్తటి గోడలతో మంచాలు చేస్తారని చెప్పారు. మా వీధి చివర ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడు, ఒడియా ఆయన, తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడు. ఇంటికి తీసుకొచ్చి అన్నయ్యని చూపించాను. ఒక పావుగంట ఊరికే కుర్చీలో కూర్చుని చూశాడు. చెయ్యి ఎంత దూరం వెళ్తోంది, కాలు ఎంత ఎత్తు లేస్తోంది, తల ఎటు వాలుతోంది. తర్వాత లేచి, "మంచం కాదు బాబూ, మీకు కావాల్సింది తొట్టి" అన్నాడు. ఆ పేరే ఉండిపోయింది. జబ్బు మనిషిని అంతసేపు కళ్ళారా చూసి కొలత తీసుకున్నవాడు ఇన్నేళ్ళలో ఆయనొక్కడే.

కొలతలు రాస్తున్నాను, కావాల్సినవాళ్ళు రాసుకోండి. లోపల పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు ఐదడుగులు. వెడల్పు ఇంతకంటే తగ్గించవద్దు. అడుగున 19 ఎంఎం ప్లైవుడ్, దాని కింద మూడంగుళాల వేపచెక్క బద్దలు, గాలి ఆడటానికి ప్లైవుడ్‌కి అక్కడక్కడా రంధ్రాలు, లేకపోతే వర్షాకాలంలో పరుపు బూజు పడుతుంది. దానిమీద ఆరంగుళాల గట్టి ఫోమ్ పరుపు, మొత్తం ఎత్తు పది అంగుళాలు దాటలేదు. మూడు వైపులా పరుపు మీదనుంచి రెండడుగుల గోడలు, లోపలివైపు మూడంగుళాల ఫోమ్, పైన రెక్సిన్. గోడకీ పరుపుకీ మధ్య వేలు కూడా దూరకుండా బిగువుగా ఉండాలి, ఆ పాదం ఇరుక్కున్న రాత్రి తర్వాత నేను దీని దగ్గర రాజీ పడలేదు, మిస్త్రీ చేత రెండుసార్లు విప్పించి మళ్ళీ చేయించాను. మేకు గానీ స్క్రూ తల గానీ లోపలివైపు ఒక్కటీ ఉండకూడదు. నాలుగో వైపు గోడ లేదు, అటు నేలమీద పాత పరుపు ఒకటి పరిచాం, దొర్లితే దానిమీదకి దొర్లుతాడు. కలప, ఫోమ్, రెక్సిన్, కూలీ అన్నీ కలిపి 21,400 అయింది. నాలుగు నెలల అద్దెకి 22,000 కట్టాం, డిపాజిట్‌లో పోయినదీ, కిరాయిలూ వేరే.

మొదటి రాత్రి మేం ఎవరం పడుకోలేదు, చూస్తూ కూర్చున్నాం. పదకొండున్నరకి నిద్రపోయాడు. ఒంటిగంటకి అలవాటు ప్రకారం కదిలాడు, చెయ్యి ఎగిరి గోడకి తగిలింది, మెత్తగా "దుబ్" మన్నది, అంతే, చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంకోసారి కాలు. తర్వాత ఒళ్ళంతా నెమ్మదిగా సద్దుమణిగింది. కళ్ళు తెరవలేదు. వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇద్దరం ఏం మాట్లాడలేదు.

లోపాలు కూడా రాయాలి. రెక్సిన్ ఎండాకాలంలో చెమట పట్టించి ఒంటికి అంటుకుంటుంది, అమ్మ పాత నూలు చీరలతో కుట్టిన బొంతలు గోడల మీద నాడాలతో కట్టింది, వారానికోసారి ఉతకడం పెద్ద పని. నేలకి దగ్గర కాబట్టి లేవడం కష్టం. లాగి లేపబోయి నేను నడుము పట్టించుకున్నాను. ఫిజియోథెరపిస్టు చూపించిన పద్ధతి వేరే: ముందు బోర్లా తిరిగి మోకాళ్ళు, చేతుల మీదకి రావడం, ఎదురుగా బరువైన స్టూలు, దానిమీద చేతులు ఆన్చి ఒక కాలు ముందుకి, తర్వాత నిలబడటం. ఇప్పుడు చాలా రోజులు తనే లేస్తాడు. లేవలేని మనిషికైతే మాత్రం ఇంత పొట్టి మంచం పనికిరాదు, చూసుకునేవాళ్ళ నడుము విరిగిపోతుంది. చివరగా, గదిలో సగం ఇదే ఆక్రమిస్తుంది.

మంచం ఒక్కదానితోనే అయిపోయిందని మాత్రం అనుకోవద్దు, అలా రాస్తే మోసం చేసినట్టే. వదిన ఒక లాంగ్ నోట్‌బుక్‌లో మూడు వారాలు రాసింది, ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నిసార్లు లేచాడు, ఏ మాత్ర ఎప్పుడు వేశాం, పగలు ఎంతసేపు కునికాడు, ఏం తిన్నాడు. డాక్టరుగారు ఆ పుస్తకం పట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నారు. కదలికలకి వాడే టెట్రాబెనజిన్ కొందరికి మత్తు ఇస్తుంది, కొందరికి దిగులు పెంచుతుంది, లోపల ఒకటే అలజడి పుట్టిస్తుంది, కాబట్టి ఎంత, ఎప్పుడు అన్నది చూసి మార్చారు. అన్నయ్యకి దిగులుజబ్బు కూడా ఉందని, నిద్ర పట్టకపోవడంలో దాని వాటా ఎక్కువేనని అప్పుడే బయటపడింది, దానికి వేరే మందు ఇచ్చారు. పేరు రాయను, ఒకరి మందు ఇంకొకరికి కాదు. గురక ఉందా, ఊపిరి ఆగుతోందా అని కూడా అడిగారు, లేదన్నాం, కాబట్టి రాత్రంతా వైర్లు పెట్టి చేసే పరీక్ష అక్కర్లేదన్నారు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు వేయడం మాత్రం చేయొద్దు. మేం ఒకసారి చేశాం. మర్నాడంతా మత్తులో తూలి పడ్డాడు, నీళ్ళు తాగుతుంటే పొలమారింది.

ఆకలి ఇంకో కారణం, ఇది మాకు తట్టనే లేదు. ఈ జబ్బువాళ్ళకి మామూలు మనిషి కంటే ఎక్కువ తిండి కావాలి, ఒళ్ళు సన్నబడిపోతుంది. రాత్రి ఒంటిగంటకి లేచి బీరువాలు, డబ్బాలు తెరిచేది ఆకలికే. ఇప్పుడు ఎనిమిదిన్నరకి కూర్చోబెట్టి చిక్కటి చోడి (రాగి) జావ, పాలు, నెయ్యి, బెల్లం వేసి చెంచాతో పెడతాం, తిన్నాక అరగంట కూర్చునే ఉంటాడు. పొద్దున్న ఆరున్నరకి ఎంత నిద్రలో ఉన్నా లేపి వరండాలో ఎండ తగిలేలా కూర్చోబెడతాం. సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డు దాకా చెయ్యి పట్టుకుని నడక. పగటినిద్ర అరగంట మించనివ్వం. మొదటి పది రోజులు తిట్టాడు, చెయ్యి విసిరాడు. తర్వాత తనే ఆరింటికి కళ్ళు తెరిచి నేను వస్తానా అని గుమ్మం వైపు చూసేవాడు. నోట్‌బుక్ ప్రకారం అంతకుముందు రాత్రికి ఐదారుసార్లు మెలకువ, ఇప్పుడు ఒకటి, రెండు. కొన్ని రాత్రులు ఇప్పటికీ పాత పద్ధతే, అది దాచను.

నా సంగతి కూడా ఒక ముక్క రాస్తాను, ఎందుకంటే నాలాంటివాళ్ళు ఇది చదువుతుంటారు. నాకు 39. నేను పరీక్ష చేయించుకోలేదు. ఈ జబ్బులో కదలికలు మొదలవ్వకముందే కొందరిలో నిద్ర తేడా చేస్తుందని ఎక్కడో చదివాను, అప్పటినుంచి నాకు నిద్ర పట్టని ప్రతి రాత్రీ ఇదేనేమో అన్న టెన్షన్. పక్క మీద చెయ్యి చాచి వేళ్ళు కదులుతున్నాయా అని చూసుకునేవాడిని. ఒకరోజు డాక్టరుగారితో అనేశాను. ఆయన నవ్వలేదు, కొట్టిపారేయలేదు. నిద్ర పట్టకపోవడానికి వంద కారణాలుంటాయని, అది ఒక్కదాన్ని పట్టుకుని జబ్బని చెప్పడం కుదరదని, ఏడాదిగా రాత్రికి మూడుసార్లు లేస్తున్న మనిషికి నిద్ర పాడవకపోతేనే ఆశ్చర్యమని అన్నారు. పరీక్ష చేయించుకోవడం, మానడం పూర్తిగా నా ఇష్టమని, చేయించుకునే ముందు కౌన్సెలింగ్ తప్పనిసరిగా ఉండాలని చెప్పారు. ఇంకా ఏమీ తేల్చుకోలేదు. అన్నయ్య నిద్రపోవడం మొదలెట్టాక నేను కూడా నిద్రపోతున్నాను, ప్రస్తుతానికి ఇదే నిజం.

మా షాపుకొచ్చే గుణుపురం ఆయన ఒకరు, వాళ్ళ ఇంట్లో అటాక్సియా అనే, నడక తూలిపోయే ఇంకో వంశపారంపర్య జబ్బు ఉంది, ఈ మంచం మాకూ పనికొస్తుందా అని అడిగారు. కింద పడకుండా పనికొస్తుంది. కానీ వాళ్ళ కష్టం వేరే: పడుకోగానే కాళ్ళు లాగడం, లేచి నడిస్తే తప్ప తగ్గకపోవడం. స్పైనోసెరెబెల్లార్ అటాక్సియాలో కొన్ని రకాల్లో, ముఖ్యంగా మూడో రకంలో, ఇది ఉంటుంది, కలలో అరుస్తూ చేతులు విసరడం కూడా ఉంటుంది. కాళ్ళు లాగడం ఒంట్లో ఇనుము తగ్గినా ఎక్కువవుతుంది, ఫెరిటిన్ అనే రక్తపరీక్షతో తెలుస్తుంది. కాబట్టి ముందు మంచం కొనకండి, డాక్టరుకి రాత్రి జరిగేదంతా చెప్పండి అన్నాను. మనం పగటి కష్టాలే చెప్పి వచ్చేస్తాం, డాక్టర్లూ టైము లేక అడగరు.

మార్కులు అడిగితే, మా అవసరానికి మోటారు మంచానికి ఐదులో రెండు, ఆ రెండూ తినిపించేటప్పుడు వీపు లేపినందుకు. తొట్టి మంచానికి నాలుగు, నేలమీదనుంచి లేపడం కష్టం కాబట్టి ఒకటి తగ్గించాను. షాపుకి వెళ్ళేముందు ఇంట్లో ఉన్న మంచం ఎత్తు కొలుచుకుని వెళ్ళండి, వాళ్ళ మంచం పూర్తిగా దించించి పరుపుతో సహా కొలవండి. పరుపు, రైలింగ్ మధ్య మీ పిడికిలి పెట్టి చూడండి. ఒక నెలకి మించి అడ్వాన్సు కట్టొద్దు.

మా ఊరు చుట్టుపక్కల, కాశీనగరం, గుణుపురం, పాతపట్నం, మెళియాపుట్టి వైపు ఎవరికైనా ఇలాంటి మంచం చేయించుకోవాలని ఉంటే కింద రాయండి, మా ఇంటికొచ్చి చూసి కొలతలు తీసుకోవచ్చు, మిస్త్రీని కూడా పిలుస్తాను. ఆదివారం అయితే వదిన కూడా ఉంటుంది, లేపే పద్ధతి చూపిస్తుంది. సాయంత్రం ఏడులోపు రండి, తొమ్మిదిన్నరకల్లా అన్నయ్య పడుకుంటాడు.